చేప ఎప్పుడొస్తది

చేప ఇంకా రాలేదేమిటి, తరళ కాలుజారి గుంతలో పడగానే రావాలి కదా, నోరు తెరిచి పిల్లను నొప్పి తెలియకుండా మింగి నీళ్లడుగు కోటలో దించాలి, అక్కడ ఆమె రాణి కావాలి, టీవీలో ఆ పిల్లేమో ఇంకా నీళ్లలో చేతులు కొట్టుకుంటోంది, అంతలో సబ్బు ప్రకటన, వీళ్లకు సిగ్గూ శరమూ లేవు, అని లాల్ బీ పళ్లు కొరికింది, పక్కింటి నిర్మలమ్మ టీ తాగుతూ, మీ ఆయన రాసిన కథ టీవీల వచ్చుడంటే మాటలా వదినా అంటోంది, అవును మాటలా, మెహమూద్ పోయాక గదా వచ్చింది, బతికున్నప్పుడు మేళ్లచెరువులో ఒక్కడైనా ఆయన్ను రచయిత అన్నాడా, సున్నపురాయి క్వారీలో హాజరు రాసే మెహమూద్ అనే అన్నారు, ఆ మనిషే మాంత్రికులూ రాకుమారులూ ఉన్న అంత లావు నవల రాశాడు, అదీ తెలుగులో, తనకేమో ఉర్దూ తప్ప తెలుగు అక్షరం రాదు, అందుకే సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వాకిట్లో మంచం వాల్చుకుని ఆయనే చదివి వినిపించేవాడు, అది అయిపోతే మళ్లీ మొదటినుంచి చదివించుకునేది, అబ్బ, ప్రకటనలు అయిపోయాయి, నీళ్ల మీద ఎర్రగా ఏదో తేలుతోంది, లంగా, తరళ లంగా, పిల్ల బోర్లా తేలింది, ఒడ్డున అన్న గుండెలు బాదుకుంటూ మాంత్రికుడి మీద పగ తీర్చుకుంటానని అరుస్తున్నాడు.

సమీర కూడా ఇట్లాగే తేలిందట, తన పెద్దబిడ్డ, మేకపిల్ల వెనక ఉరికి క్వారీ గుంతలో నిలిచిన వాననీళ్లలో పడింది, తేలిందట అని జనం చెబితే విన్నదే, తను అప్పుడు దవాఖానలో ఉంది, చిన్నది జేబా పుట్టిన మర్నాడు, ఇంటికొచ్చేసరికి మెహమూద్ మట్టి ఇచ్చి వచ్చేశాడు, తమ ఇళ్లల్లో ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు పోరు, తను ఇప్పటిదాకా పోలేదు, బిడ్డ ముఖమూ చూడలేదు, సమాధీ చూడలేదు, చూడని చావును ఎందుకు నమ్మాలి, చేపను నమ్మింది, దాంతోనే ఇన్నేళ్లు బతికింది.

జేబా, ఆ డైరెక్టర్‌కు ఫోన్ కొట్టు, ఒక్క ముక్క గూడ మార్చ అన్నడు, మీ అబ్బా రాసింది రాసినట్టు తీస్త అన్నడు, నా బిడ్డను మళ్ల చంపిండు, వాని నోట్ల మన్ను పడ, అమ్మీ, జర ఆగు అని జేబా అంటే, ఏం ఆగాలె, పుస్తకం తే, చేప ఉన్న జాగా తీసి వాని చెవిల వడేటట్టు చదువు, అని లాల్ బీ అరుస్తుంటే జేబా ఫోనూ తీయలేదు, పుస్తకమూ తేలేదు, నిర్మలమ్మ గ్లాసు కింద పెట్టి చప్పుడు కాకుండా వెళ్లిపోయింది, అప్పుడు జేబా తల్లి పక్కన కూర్చుని, వాళ్లు ఏం మార్చలే అమ్మీ, పుస్తకంల గూడ గింతే ఉంది, తరళ సచ్చిపోయిందనే రాసిండు అబ్బా, చేప ఏ పేజీల లేదు, నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నడు అంది.

లేదా, మరి ఆ కోట, ఆ కిరీటం, ఒకరోజు చేపకు ఏడు రెక్కలని, ఇంకోరోజు తొమ్మిదని చదివితే, నువ్వు రాసింది నీకే యాది లేదా అని తను పకపకా నవ్వలేదూ, అయ్యో, ఆ గుంత దగ్గరికి రాగానే ఆయన ఆగేవాడు, గొంతు సవరించుకునేవాడు, మంచినీళ్లడిగేవాడు, ఏమైంది నీకు, జల్ది చదువు, చేప ఎప్పుడొస్తది అని తను కసిరేది, అప్పుడాయన కళ్లు కాగితం మీదే ఉండేవి, కాగితం మీదేమో బిడ్డ శవం, నోట్లోనేమో చేప, చదువు జేబా, ఉన్నది ఉన్నట్టు చదువు, నేను వింట, జేబా పుస్తకం తెచ్చి మెల్లగా మొదలుపెట్టింది, లాల్ బీ వింటూ ఉంటే ఒక్కటే తెలిసివచ్చింది, ఆయనకు ఏ చేపా రాలేదు, తన కోసం బిడ్డను బతికించిన ప్రతి సాయంత్రమూ ఆయన ఒక్కడే ఆ బిడ్డను మళ్లీ మట్టిలో పెట్టాడు, కలిసి ఏడవడానికి పక్కనే ఉన్న పెళ్లాం కూడా లేకుండా.