పది వేళ్ళ పద్ధతి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఉంటుంది మరి. హోమ్ రో కింద పనిచేస్తే ఎంత శాంతమూర్తికైనా వస్తుంది.

హోమ్ రో మా ఆసుపత్రి టైపింగ్ గదికి సూపర్‌వైజరు. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని రిపోర్టులుగా కొట్టడం మా పని. కీబోర్డులో వేళ్ళు ఆనించే మధ్య వరసను హోమ్ రో అంటారు. ఈయన పొద్దస్తమానం దాన్నే జపం చేస్తాడు కాబట్టి ఆ పేరు పెట్టాం. ఎదురుగా మాత్రం సారే. కొత్తవాళ్ళ వెనక నిలబడి ఎప్పుడూ ఒకటే పాట: "చేతులు చూడకు, తెర చూడు."

ఈసారి కొత్తగా చేరినవాడు మా తమ్ముడు. రేకు డబ్బాల ఫ్యాక్టరీలో రేకును అచ్చులో నొక్కే ప్రెస్సు వాడి ఎడమ చిటికెన వేలిని మొదలంటా తీసుకుంది. గాయం మానగానే అదే ప్రెస్సు దగ్గరికి మళ్ళీ రమ్మన్నారు, ఎంత దయో. ఇక్కడ సీటు రాకపోతే వాడు అక్కడికే పోవాలి. ప్రెస్సు పేరెత్తితే వాడికి అన్నం సహించదు. అందుకే నేను కాళ్ళావేళ్ళా పడి శిక్షణలో చేర్పించాను.

శిక్షణంతా ఒక సాఫ్ట్‌వేర్‌తోనే. తెర మీద వచ్చే మాటలు చూసి కొట్టాలి. అడుగున రెండు చేతుల బొమ్మ ఉంటుంది. ఏ అక్షరానికి ఏ వేలు వాడాలో ఆ వేలు ఎర్రగా వెలుగుతుంది. ఎడమ చిటికెన వేలు వెలిగినప్పుడల్లా వాడు ఆగిపోయేవాడు. ఆగి, ఆ బొమ్మనే చూసేవాడు. నాకు కడుపు మండిపోయేది. ఇంటికొచ్చి నా పాత కీబోర్డు ముందు కూర్చుని, ఉంగరం వేలిని పక్కకు సాచి సాచి, రెండు వేళ్ళ పనీ దానికే నేర్పుకున్నాడు. వీధిలోకి వెళ్తే మాత్రం ఆ చెయ్యి జేబులోనే.

ఇవాళ ఆఖరి పరీక్ష. వాడు కొట్టడం ముగించగానే తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: వేగం చాలు, తప్పులు లేవు. పక్క సీట్లో నేను ఊపిరి పీల్చుకున్నాను. హోమ్ రో వంగి చూశాడు. తెరను కాదు, కీబోర్డును.

"అంతా బాగానే ఉంది. కానీ పది వేళ్ళ పద్ధతి అని ఇక్కడొక గడి ఉంది. అది నేను నొక్కితేనే సీటు. ఎలా నొక్కను?"

"ఏం సార్, ఎందుకు నొక్కరు?" అన్నాను లేచి.

"తొమ్మిదే ఉన్నాయి కదమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవని లోకమంతా ఒప్పుకుంటుంది. నాలుగే ఉంటే మాత్రం ఒప్పుకోదు.

"కోడిగుడ్డుకు ఈకలు పీకకండి సార్. వాడు కొట్టింది చూశారుగా."

"నా చేతుల్లో ఏముందమ్మా?"

"పది వేళ్ళున్నాయి. గడి నొక్కడానికి ఒకటి చాలు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హోమ్ రో గొంతు తగ్గించాడు. "రేపు పైవాళ్ళు గది చూడ్డానికి వస్తున్నారు. చూసేవాళ్ళకి బాగుండొద్దూ?"

అదీ అసలు సంగతి. ఏసీ చలికి కప్పుకున్న శాలువా లాగి తమ్ముడి చేతుల మీద వేశాను. పాతరోజుల్లో టైపు నేర్పేవాళ్ళు కీలు కనబడకుండా ఇలాగే గుడ్డ కప్పేవారు.

"ఇప్పుడేం కనిపిస్తోంది సార్? మళ్ళీ పెట్టండి పరీక్ష."

పెట్టాడు. వాడు ముందుకంటే వేగంగా కొట్టాడు. హోమ్ రో ముఖం విప్పారింది.

"ఇలాగైతే సరే. రేపు ఇలాగే కప్పుకుని కూర్చోమను. గడి నొక్కేస్తాను."

గెలిచాననుకున్నాను. తమ్ముడు తలెత్తి నా వైపు చూశాడు.

"నువ్వు కూడా దాస్తున్నావా అక్కా?"

నోట్లో నాలుక లేనివాడని పేరు మోసిన మా తమ్ముడు శాలువా తీసి, మడిచి, నా చేతిలో పెట్టాడు. ఎడమ చెయ్యి అందరికీ కనబడేలా బల్ల మీద ఆనించాడు. కోపంగా అన్నాడు.

"కప్పుకుని కూర్చోను సార్. సీటిస్తే ఇలాగే ఇవ్వండి. లేదంటే ప్రెస్సు దగ్గరికే పోతాను. అక్కడ దీన్ని దాచుకోమని ఎవరూ అనరు."

అని, నా సీట్లో కూర్చుని, నా హెడ్‌ఫోన్ పెట్టుకుని, నేను సగంలో వదిలేసిన రిపోర్టు కొట్టడం మొదలుపెట్టాడు. గదిలో మిగతా కీబోర్డులన్నీ ఆగిపోయాయి. హోమ్ రో కళ్ళు ఆ వేలు లేని చోటే అతుక్కుపోయాయి. వాడు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"చేతులు చూడకండి సార్. తెర చూడండి."

హోమ్ రో తెర చూశాడు. వరస తర్వాత వరస నిండుతుంటే నిలబడి చదివాడు. తర్వాత తమ్ముడు పరీక్ష రాసిన పక్క మెషీను దగ్గరికెళ్ళి గడి నొక్కాడు.

నా కోపం మాత్రం దిగలేదు. ఈసారి హోమ్ రో మీద కాదు. గదిలో చలిగానే ఉంది, ఆ శాలువా కప్పుకోబుద్ధి కాలేదు.