శబ్దం మింగే గది

డోళ్ల మీద పరిశోధన చేస్తోందని విశ్వవిద్యాలయంలో ఆమెను అందరూ ‘డోలమ్మ’ అని పిలిచేవారు. తోలు పాతబడేకొద్దీ మోత ఎలా మారుతుందన్నదే నాలుగేళ్లుగా ఆమె లోకం. ఆ శనివారం కొలవాల్సింది మేనమామ డోలు. ఒకప్పుడు తాతయ్య వాయించినది, తోలు ఎండి కాగితంలా అయింది. ఇచ్చేటప్పుడే మేనమామ గట్టిగా చెప్పాడు.

“వేళ్లతో తట్టు, చాలు. పుల్ల పట్టావో, ఊరుకోను.”

కొలతల గదిలో గోడలకూ తలుపుకూ పైకప్పుకూ మూరెడేసి స్పాంజి ముక్కలు కోరల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. అక్కడ చప్పట్లు కొడితే మోత అరచేతుల్లోనే చచ్చిపోతుంది. మైకు తీగ ఒక్కటే గోడలోంచి పక్క గదికి వెళ్తుంది. అక్కడ రికార్డింగ్ యంత్రం, స్పీకరు, వాటిని చూసుకునే మీటర్ల బాబాయి.

“పన్నెండుకల్లా వెళ్లిపోతా బాబాయ్,” అని లోపలికి వెళ్లింది. పనిలో పడి టైము చూసుకోలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు దీపం ఆరిపోయింది.

“బాబాయ్!” అంది. ఆ పిలుపు పెదవి దాటినట్టే లేదు. తడుముకుంటూ వెళ్లి తలుపు నెట్టింది. బయట గడియ పడి ఉంది. తను వెళ్లిపోయిందనుకుని ఆయన తాళం వేసుకుని ఇంటికి పోయాడని అర్థమైంది. ఫోను లోపలికి తేకూడదని కింద బీరువాలో పెట్టింది. రేపు ఆదివారం. హాస్టల్లో అడిగేవాళ్లు లేరు.

గొంతు పూర్తిగా పోయేదాకా అరిచింది. గది మింగేసింది.

కాసేపటికి చీకట్లో చప్పుళ్లు మొదలయ్యాయి. ఎవరో పక్కనే నిలబడి ఊపిరి తీస్తున్నారు. ఆమె బిగుసుకుపోయింది. పక్కనున్న ఊపిరి కూడా ఆగింది. అది తనదే. మెడ తిప్పితే ఎముక కిరకిరలాడింది. చెవుల్లో నెత్తురు హోరెత్తింది. ఎటు గోడో, ఎటు తలుపో తెలియలేదు. రెండు రోజులు ఇలాగే ఉంటే మతి పోతుందనుకుంది.

వెనక్కి తిరిగినప్పుడు కనబడింది, మైకు మీద ఆవగింజంత పచ్చ దీపం. బాబాయి యంత్రం ఆపడం మరిచిపోయాడన్నమాట! ఇక్కడి మోత పక్క గది స్పీకర్లో వినిపిస్తుంది. దాని వైపు పాకి, డోలును మైకుకు ఆనించి వేళ్లతో తట్టడం మొదలుపెట్టింది. తట్టింది, ఆగింది, మళ్లీ తట్టింది. వేళ్లు మొద్దుబారాయి. ఎవరూ రాలేదు. డోలు తెచ్చిన పెట్టెలోనే పుల్ల ఉందని మొదటి నుంచీ తెలుసు. మామయ్య మొహం గుర్తొచ్చి చెయ్యి రాలేదు. చివరికి ఏడుస్తూనే తీసింది.

పుల్లతో ఎంతసేపు బాదిందో తెలియదు. పర్రుమని తోలు చిరిగింది. డోలు తిప్పి రెండో వైపు బాదింది.

తలుపు తెరుచుకుంది. వెలుతురులో చీపురుతో ఊడ్చే ఆవిడ, వెనకాల వాచ్‌మన్.

“దెయ్యమనుకున్నా తల్లీ! స్పీకర్లోంచి దబదబా ఒకటే మోత! మెట్ల దాకా పరిగెత్తా. దెయ్యం ఇంత తాళం తప్పకుండా వాయిస్తుందా అనిపించి తాళంచెవుల కోసం వీడిని లాక్కొచ్చా,” అంటూ ఆమెను గుండెకు హత్తుకుంది.

సాయంత్రం మేనమామ వచ్చాడు. చిరిగిన డోలు ముందు ఆమె తల వంచుకుంది.

“ఎంతసేపున్నావు లోపల?”

“మూడు గంటలు.”

“పుల్ల ఎప్పుడు తీశావు?”

“రెండు గంటలు దాటాక... నువ్వు వద్దన్నావని...”

ఆయన మొహం ఎర్రబడింది. “రెండు గంటలు వేళ్లతో తట్టుకుంటూ కూర్చున్నావా? బుద్ధుందా నీకు? నీకేమైనా అయ్యుంటే మీ అమ్మకు నేనేం చెప్పుకోను?” అని అరిచి, మొహం తిప్పుకున్నాడు.

నెల తర్వాత డోలుకు కొత్త తోలు వేయించి తనే మోసుకొచ్చాడు. పాత తోలు కొలతలు సగంలో ఆగాయి. కొత్తదాన్నైనా కొలవాలంటే ఆ గదిలోకి వెళ్లాల్సిందే. మొదటి రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేసింది. మూడోసారి లోపల కూర్చుని, “తలుపు వెయ్యి బాబాయ్,” అంది.

“నా చేత్తో నేను వెయ్యలేనమ్మా,” అన్నాడు మీటర్ల బాబాయి. ఆ శనివారం తర్వాత మనిషి సగమయ్యాడు.

ఆమే లేచి తలుపు లాక్కుంది. నాలుగు నిమిషాల్లో కొలత ముగించి బయటికొచ్చేసరికి చెమటతో జాకెట్టు తడిసి ముద్దయింది.