కుడివైపు అద్దంలో చుక్క

మచ్చ అద్దానిదే అనుకుంది, అద్దానిదే అయ్యుండాలి మరి, ఇరవై రెండేళ్లుగా బస్సు నడిపే మనిషికి కుడివైపు అద్దంలో కనిపించేవి వెనకొచ్చే లారీలూ సందు దొరికితే దూరిపోయే స్కూటర్లే గానీ తన చెంప కాదు కదా, అందుకే పొద్దున్నే సీట్లో కూర్చుని అద్దం సర్దుకునేటప్పుడు మూలన మిరియం గింజంత చుక్క మెరవగానే గుడ్డ తీసి రుద్దేది, రుద్దితే పోయేది, సర్దుకుని కూర్చుంటే మళ్లీ వచ్చేది, డిపోలో బస్సులు కడిగే తాత మీద ఎంత ఎగిరిందో, ఏం తాతా, చూపు ఆనడం లేదా, మూడు వారాల నుంచీ ఆ మరక అక్కడే ఉంది, అంటే పాపం ఆయన సబ్బు పెట్టి మరీ తోమాడు, చివరికి ఆ బస్సు రిపేరుకు పోయి వేరే బస్సు ఇస్తే అందులోనూ అదే చుక్క, అదే మూల, మళ్లీ కేకేసింది, తాత వచ్చి అద్దాన్ని చూశాడు, ఆమెను చూశాడు, అమ్మాయ్, అద్దం మీద మరకుంటే నా తప్పు, మొహం మీదుంటే అది కూడా నేనే కడగాలా, అన్నాడు.

ఈరోజు చివరి స్టాపుకు ఇంకా నాలుగు స్టాపులు, మధ్యాహ్నపు ఎండ కుడి కిటికీలోంచి సూటిగా భుజం మీద పడుతోంది, పడనీ, ఇప్పుడక్కడ పొడుగు చెయ్యి తొడుగుంది, మొదటిరోజు కండక్టరు పిల్ల పడీపడీ నవ్వింది, అక్కా, రెండో చేతికి గుడ్డ చాల్లేదా, అని, నవ్వవే నవ్వు, ఎండ నాకు ఒకవైపే కాస్తుంది, తాత మాటకు వెళ్లి చూపించుకుంటే చర్మం డాక్టరమ్మ పేరైనా అడక్కుండా రెండు చెంపలూ చూసి, మీరు డ్రైవరు కదూ, అనేసింది, ఎలా తెలిసిందండీ, ఎడమ చెంపకు నలభై అయిదేళ్లు, కుడి చెంపకు అరవై, ముఖమే చెబుతోంది, అయ్యో కిటికీ మూసే నడుపుతానండీ, మూసినా అంతేనమ్మా, కిటికీ అద్దం చురుకును తగ్గిస్తుంది గానీ చర్మాన్ని ముడతలు పెట్టే కిరణాలను చాలావరకు వదిలేస్తుంది, వింటుంటే ఒళ్లు మండింది, రాటుదేలిన ఒళ్లని ఎన్నిసార్లు గొప్పలు పోయింది, పోయిన ఎండాకాలం కళ్లు తిరిగి బస్సు పక్కకు ఆపి నెత్తిన నీళ్లు పోసుకుని కూడా నిద్ర చాల్లేదంతే అని బుకాయించింది, కూతురు ఫొటో తీస్తే ఎప్పుడూ ఎడమవైపు నుంచే తీసేది, ఎందుకే అంటే అటే బావుంటావమ్మా అనేది, అప్పుడైనా అర్థం కాలేదు.

క్యాన్సరే, అంది డాక్టరమ్మ, ఆ మాటకు కుర్చీ జారిపోయినట్టయింది, నెమ్మదిగా పాకే రకం, భయపడకండి, కోసేద్దాం, కోసిన ముక్కను పరీక్షకు పంపిద్దాం, అంచుల్లో ఏమైనా మిగిలిందంటే మళ్లీ కోయాలి, కంటిదాకా పాకితే మాత్రం స్టీరింగ్ సంగతి ఆలోచించాలి, చెంప పోతే పోనీ గానీ స్టీరింగ్ పోతే తనకేం మిగులుతుంది, కోసి పదిహేను రోజులైంది, అప్పట్నుంచీ అదే గుబులు, ఈరోజే ఫోను చేస్తామన్నారు, ఫోను కండక్టరు సంచిలో ఉంది, ఇదిగో మోగుతోంది, అక్కా, ఆసుపత్రి నంబరే, ఎత్తనా, వద్దు, చివరి స్టాపులో బండి ఆగాకే, బండి కదులుతుంటే ఎవరి ఫోనూ లేదు, నా ఫోనైనా సరే, రెండు స్టాపులు, ఒక ముసలాయన నింపాదిగా దిగుతున్నాడు, దిగు నాయనా, తొందరేం లేదు, ఒక స్టాపు, బ్రేకు, ఆగింది, మళ్లీ మోగుతోంది, ఇవ్వవే ఇలా.

హలో, ఆఁ నేనేనండీ, అంచులు శుభ్రంగా ఉన్నాయమ్మా, మొత్తం వచ్చేసింది, ఒక్క చుక్క కూడా మిగల్లేదు, ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోండి, ఆ తొడుగూ క్రీమూ మాత్రం మానకండి, బస్సు నడపొచ్చాండీ, ఎందుకు నడపకూడదూ, అంతే, ఇరవై రెండేళ్లలో అనవసరంగా హారన్ కొట్టని మనిషి అరచేయి మొత్తం ఆనించి మోగించింది, స్టాపులో జనం ఉలిక్కిపడ్డారు, కండక్టరు పిల్ల ఏడుస్తూనే, అక్కా, జనం చూస్తున్నారే, చూడనీ, గెలిచానే, గెలిచాను, డిపోకు వెళ్లగానే తాతకు చెప్పాలి, తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలి, సబ్బు పెట్టి తోమినందుకు దణ్ణం కూడా పెట్టాలి.

తిరుగు ట్రిప్పుకు జనం ఎక్కుతున్నారు, అలవాటుగా అద్దం సర్దింది, చెయ్యి అలవాటుగా గుడ్డకోసం పోయింది, ఆగింది, చుక్క లేదు, దాని చోట గోరంత గీత, ఇంకా ఎర్రగానే ఉంది, దాని వెనక రోడ్డు, లారీలు, స్కూటర్లు, ఇన్నేళ్లుగా వెనకొచ్చే ప్రతివాడూ క్షేమంగా ఉన్నాడా అని చూసుకున్న ఈ అద్దంలో ఒక మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు, ఆ మనిషి ఇదిగో, రెండు చెంపలతో, నవ్వుతూ, తను కూడా ఇందులోనే ఉంది.