నీళ్ళ వైపు వాలిన గడ్డి

రెండువేల ఏడులో సీతమ్మధారలో ఒక ఇంటికి గడ్డి వేశాను. ప్లాస్టిక్ గడ్డి. నవ్వకండి, మొదట నాకూ నవ్వే వచ్చింది. ఇంట్లోనే ఈతకొలను, దాని చుట్టూ ఎప్పటికీ ఎండని గడ్డి. డబ్బున్న వాళ్ళ ముచ్చట్లకి అంతెక్కడ అనుకున్నాను. నా అసలు పని చర్చిల్లో తివాచీలు వెయ్యడం. గోపాలపట్నం చుట్టుపక్కల నా తివాచీ మీద నడవని క్రైస్తవ పెళ్ళికూతురు లేదంటే కాస్త కోతలే గానీ, పూర్తిగా అబద్ధం కాదు.

ఇంటాయన కామరాజు గారు పోర్టులో ఓడలకి సరుకు ఎత్తించే వ్యాపారి. ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఉన్న పచ్చిక కొలనులో కలిపే మందుకి సగం, పోర్టు నుంచి ఎగిరొచ్చే నల్లదుమ్ముకి సగం చచ్చిపోయిందని, అంతా పీకించి నేల గట్టి చేయించారు. పొద్దున ఏడింటికి కారెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేవారు.

ఆ పొద్దులు నాకిప్పటికీ కలలో గడిచినట్టే ఉంటాయి. పొగమంచు కొండ మీంచి దిగొచ్చి కొలను మీద ఆగేది. ఎంతవరకు మంచో, ఎక్కణ్ణుంచి నీళ్ళో తెలిసేది కాదు. హార్బర్‌లో ఎక్కడో ఓడ కూత వేస్తే ఆ నీళ్ళు కూడా విన్నట్టుండేది. నేనూ, నాతో పనిచేసే వీర్రాజూ గొంతు తగ్గించుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఎందుకో మాకే తెలీదు.

మొదటిరోజు కారు అలా వెళ్ళిందో లేదో, ఆయన భార్య పద్మావతి గారు చీర ఎగదోపుకుని కొలనులోకి దిగింది. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు గోదావరి కాలవలో నేర్చుకున్న ఈతట. చప్పుడు లేకుండా ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆవిడకి వయసే లేదనిపించింది. గట్టెక్కాక మాత్రం నేరుగా నేను గడ్డి కోసే కత్తి మీదకి అడుగు వెయ్యబోయింది.

“అమ్మా, ఆగండాగండి! కత్తున్నాది!”

ఆగింది. నా ముఖానికి జానెడు పక్కగా చూస్తూ, “ఎటుపక్క బాబూ?” అని అడిగింది.

నాకు అర్థమైంది. కత్తి తీసి దూరంగా పెట్టి, “కనబడదేటమ్మా?” అన్నాను.

“వెలుగు తెలుస్తుంది, అంచులు తెలియవు. రెండేళ్ళుగా కొద్దికొద్దిగా పోతోంది. ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు.” తల తుడుచుకుంటూ మామూలుగానే చెప్పింది. “ఆయనకి తెలీదు. తెలిస్తే సాయంత్రానికల్లా ఈ కొలను పూడ్పించేస్తారు. నా మీద ప్రేమతోనే అనుకో. నాకు మిగిలిన సంతోషం ఈ నీళ్ళేనయ్యా, చెప్పకు.”

“నాను సెప్పనమ్మా,” అన్నాను.

ఇల్లంతా ఆవిడకి కంఠతా వచ్చు. లోపల గోడలుంటాయి, చేతికి ఆనుతాయి. బయట ఈ బయల్లోనే కష్టం. నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలియక, పాదంతో తడిమి తడిమి, చివరికి మోకాళ్ళ మీద పాకుతూ గట్టు వెతుక్కునేది. అలా పాకుతుంటే చూడలేక నేను పక్కకి తిరిగేవాణ్ణి.

మూడు రోజుల్లో పని అయింది. నాలుగో రోజు పొద్దున కామరాజు గారు ఆఫీసుకి వెళ్ళకుండా మేడ మీద నుంచి చూసి కేకేశారు.

“ఏమయ్యా సుందర్ రాజ్! నాలుగు పక్కలా నాలుగు రంగులేంటి?”

మేడెక్కి చూద్దును కదా, ఆయన అన్నది నిజమే. ఒక పక్క ముదురాకుపచ్చ, దానికెదురు పక్క వెలిసిపోయినట్టున్న పచ్చ. ఈ గడ్డికి ఒక వాలు ఉంటుంది, పోచలన్నీ ఒకే పక్కకి ఒరిగి ఉంటాయి. అన్ని రోల్సూ ఒకే వైపు వాలేలా పరిస్తేనే రంగు కలుస్తుంది. మేం నాలుగు పక్కలా నీళ్ళ వైపే వాల్చేశాం. తివాచీ వాలు గుమ్మం నుంచి బలిపీఠం వైపే ఉండాలని మా నాన్న నేర్పాడు. ‘దేవుడి దగ్గరికెల్లే కాలికి ఎదురు తగల్కూడదురా’ అనేవాడు. నా చేతులు ఆ కొలనునే బలిపీఠం అనుకున్నాయి.

“కొంప ములిగింది బావా,” అన్నాడు వీర్రాజు.

“మొత్తం పీకెయ్. మళ్ళీ వెయ్యి,” అంటూ కామరాజు గారు కిందకి వచ్చారు. తప్పు నాది, ఏమనగలను? నేనూ దిగి, కత్తి తీసి ఒక మూల కొస లేపాను.

“ఉండనియ్యండి. బాగానే ఉంది కదా,” అంటూ పద్మావతి గారు వరండాలోకి వచ్చింది.

“బాగుండడమేంటి పద్మా? నాలుగు రంగులూ కనబడ్డం లేదా నీకు?”

నేను తల వంచుకుని, చెప్పొద్దు తల్లీ అనుకున్నాను.

“లేదండీ,” అంది. “కనబడ్డం లేదు. రెండేళ్ళయింది.”

ఆయన నవ్వబోయారు. నావైపు చూశారు. నా ముఖం చూసి ఆగిపోయారు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నీళ్ళలో దిగనిస్తారా?”

దిగనివ్వరని ఆయనకీ తెలుసు.

“నిన్న జిగురు ఆరాక నడిచి చూశాను,” అంది ఆవిడ. “నీళ్ళ వైపు వెళ్తుంటే గడ్డి పాదాల కింద మెత్తగా పడుకుంటోంది. వెనక్కి తిరిగితే గుచ్చుకుంటోంది. ఏ పక్కన నిలబడ్డా అంతే. రెండేళ్ళ తర్వాత నిన్న నేను పాకకుండా నడిచానండీ.”

మాటలతో ఆగలేదు. వరండా మెట్టు దిగి, చేతులు చాపకుండా తిన్నగా నడిచింది. గడ్డి అయిపోయి గట్టు రాయి తగలగానే ఆగింది. “పద్మా!” అంటూ ఆయన రెండడుగులు ముందుకి వేశారు. వేసి, అక్కడే నిలబడిపోయారు. ఆవిడ కొలను మెట్ల పక్క కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి జారింది. ఇన్నేళ్ళలో భార్య ఈదడం ఆయన చూడడం అదే మొదలేమో. కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆయనకి.

ఆవిడ అవతలి కొస దాకా వెళ్ళి వెనక్కి మళ్ళింది.

“ఆవిడ గది గుమ్మం నుంచి ఇక్కడిదాకా, ఇదే వాలుతో,” అన్నారు ఆయన నాతో, చూపు నీళ్ళ మీదే ఉంచి. “ఎంత గడ్డి పడుతుంది?”

“కొలవాలి సార్,” అన్నాను.

టేపు తీశాను. ఆయన చెప్పులు విప్పి, రెండో కొస తనే పట్టుకుని, ఎదురు గుచ్చుకుంటున్న గడ్డి మీదుగా ఆవిడ గది వైపు నడిచారు.