గేదె పొట్ట మీద రెండు మిషన్లు

నిన్నటి నుంచి గేదె మేత ముట్టడం లేదు. నాగదుర్గ కుడితిలో తవుడు కలిపి, బెల్లం ముక్క చిదిమి వేసి, గోలెం దాని మూతి దగ్గరికి జరిపింది. అది వాసన చూసి ముఖం తిప్పేసుకుంది. పడుకుంటే లేవడానికి మూలుగుతోంది. లేచాక ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, వీపు వంచి, కదిలితే లోపల ఏదో పగులుతుందన్నట్టు నిలబడుతోంది. పైగా నిండు చూడిది.

నాగదుర్గకు నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. అంతకంటే ఎక్కువ మండేది మనసులో ఉంది. ఆమె లేసు సూది కనిపించడం లేదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళందరికీ ఒకటే అలవాటు: మధ్యలో లేవవలసి వస్తే సూదిని అందినచోట గుచ్చేస్తారు. కొందరు సిగలో, కొందరు తాటాకు చూరులో. ఆమె మొన్న పాకలో గడ్డి కట్ట మీద కూర్చుని అల్లుతోంది. పాలు పొంగిన వాసన వస్తే సూదిని ఆ కట్టలోనే గుచ్చి వంటింట్లోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి భర్త గణేష్‌బాబు అదే కట్ట విప్పి గేదెకు వేసేశాడు.

పొద్దున్నే పశువుల డాక్టరు లావణ్య వచ్చింది. నాగదుర్గ దాచకుండా అంతా చెప్పింది. డాక్టరు గేదె రొమ్ము కింద పిడికిలితో ఒత్తింది. అది మూలిగింది.

"సూదే కావచ్చు, కాకపోవచ్చు. ఒట్టి అజీర్తికి కూడా మూలిగే గేదెల్ని చూశాను. చూడి గేదెని అనుమానం మీద కొయ్యలేనమ్మా. అలాగని ఆలస్యం చేస్తే ఆ ములుకు గుండెకి తగులుతుంది. ఇనుముని పట్టే మిషను ఏదైనా దొరికితే కొంత తెలుస్తుంది."

గణేష్‌బాబు ముఖం వెలిగింది. "మన దగ్గరుందండి!"

నాగదుర్గ నిట్టూర్చింది. పోయినేడు ఫోనులో వీడియోల మీద వీడియోలు చూసి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే మేలని ఎవరో చెప్పగా ఈ మెటల్ డిటెక్టరు మిషను తెప్పించాడు. స్నానాలకి వచ్చినవాళ్ళు గోదాట్లో పోగొట్టుకున్న ఉంగరాలు ఏరుదామని ఆశ. ఏరినవన్నీ సోడా మూతలూ, పడవ మేకులూ.

మిషను గేదె దగ్గరికి తెచ్చాడో లేదో, కుయ్యిమంది. గేదెని కట్టింది పాత బోరు పైపుకి. మెడలో గొలుసు తీసి, తాడు కట్టి, ఖాళీ దొడ్డిలోకి నడిపించారు. అక్కడ పొట్ట మీద ఎంతసేపు తిప్పినా మిషను నోరు విప్పలేదు.

"ఏమీ లేనట్టేనాండి?" అన్నాడు గణేష్‌బాబు ఆశగా.

నాగదుర్గ లోపలికి వెళ్ళి తన దగ్గరున్న రెండో సూది తెచ్చింది. "దీని మీద పెట్టండి ముందు."

దగ్గరగా పెడితే కూసింది. జానెడు ఎత్తు లేపేసరికి మూగబోయింది. గేదె పొట్ట లోతు జానెడు కాదుగా.

ఈ గొడవ విని పక్కింటి పల్లంరాజుగారు గోడ మీంచి తొంగిచూశారు. చేపల చెరువులున్నాయి ఆయనకి. తాతల నాటి మేడ పడగొట్టించేటప్పుడు గోడల్లో బంగారం ఉంటుందని, పేరున్న విదేశీ మిషను కొన్నారు. దాని ధరకి గణేష్‌బాబు మిషన్లు పది వస్తాయి.

"ఏవోయ్ గణేషూ, అది మిషనా, తిరనాళ్ళలో పీపీయా?"

"మీ మిషనుకి మాత్రం ఏం దొరికిందండి రాజుగారూ? తలుపు బందులేగా?"

"బందులే. కానీ తవ్వకముందే ఇత్తడివని చెప్పింది. నీదేమో మేకుకీ, ఉంగరానికీ ఒకటే ఏడుపు."

"ఇద్దరూ తరవాత పోట్లాడుకోండి. కాస్త మీ మిషను ఇప్పించండి రాజుగారండీ," అంది నాగదుర్గ. ఆ గొంతులో అలసట విని ఆయన వెంటనే ఇంట్లోకి వెళ్ళారు. తనే పట్టుకొచ్చారు.

ఆ మిషనుకి తెర ఉంది, తెర మీద అంకెలున్నాయి. గేదె ఎడమ ముందుకాలి మోచేతి వెనక పెట్టగానే గట్టిగా కూసింది.

"ఇనుము! చూశావా? డబ్బు ఊరికే పోదోయ్!"

గణేష్‌బాబు తల దించుకున్నాడు. డాక్టరు పెట్టె తెరవబోయింది.

"ఒక్క నిమిషం మేడం గారండి," అంది నాగదుర్గ. "ఎదురింటి వీరమ్మత్త గేదె శుభ్రంగా తింటోంది. దాని మీద కూడా ఓసారి పెడితే?"

వీరమ్మ గేదె నెమరు వేస్తూ నిలబడి ఉంది. గొలుసు తీసి పెడితే, మిషను దాని మీద కూడా అంతే గట్టిగా కూసింది.

డాక్టరు నుదుటి చెమట తుడుచుకుంది. "తినే ప్రతి పశువు కడుపులోనూ ఏవో మేకులుంటాయి. ఉన్నదీ లేనిదీ మంచి మిషను చెబుతుంది. గుచ్చుకున్నదీ లేనిదీ ఏ మిషనూ చెప్పదు."

నాగదుర్గ వైపు తిరిగి అడిగింది. "నడకలో ఏమైనా తేడా చూశారా?"

నాగదుర్గ ఆలోచించింది. "కాలవగట్టు ఎక్కమంటే ఎక్కుతోందండి. దిగమంటే మొరాయిస్తోంది. అడ్డంగా తిరిగి, మెల్లిగా దిగుతోంది."

డాక్టరు చప్పున తలెత్తింది. "ఎప్పటి నుంచి?"

"మేత మానక ముందు నుంచేనండి. ఎండ దెబ్బేమో అనుకున్నాను."

"దిగేటప్పుడు కడుపు బరువంతా ముందుకొచ్చి, గుచ్చుకున్న ములుకు పొడుస్తుంది. ఇక కోసి తీరాలి. దూడకి ప్రమాదమే. కోయకపోతే రెండూ దక్కవు."

గణేష్‌బాబు భార్య వైపు చూశాడు. "నువ్వే చెప్పు దుర్గా." ఎప్పుడూ ఇంతే, అనుకుంది ఆమె. మిషను కొనేటప్పుడు అడగడు, ఇలాంటప్పుడు అడుగుతాడు.

"కొయ్యండి," అంది.

గేదెని నిలబెట్టే, మత్తు సూదులిచ్చి, ఎడమ డొక్క కోశారు. నాగదుర్గ గేదె తలకి కట్టిన తాడు పట్టుకుని, దాని కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి వెతికింది. తుప్పు మేకులు బయటికొచ్చాయి. చివరికి ఒక కంచె తీగ ముక్క వచ్చింది. కడుపు లోపలి గోడలో దిగబడి ఉందట. పొలంలో కట్టలు కట్టే మిషను గడ్డితో పాటు దాన్నీ కట్టలో చుట్టేసింది.

"సూది?" అంది నాగదుర్గ.

"మళ్ళీ చూశానమ్మా. సూది లేదు. దూడ కదులుతోంది. తల్లి సంగతి మాత్రం ఇంకా కొన్నాళ్ళు గడిస్తేగాని చెప్పలేను."

కుట్లు వేసి డాక్టరు వెళ్ళిపోయింది. సాయంత్రానికి గేదె రెండు గుక్కలు కుడితి తాగింది. రాజుగారు తన మిషనే పట్టిందంటున్నారు. ఎదురింటి గేదెని కూడా పట్టిందిగా అంటున్నాడు గణేష్‌బాబు.

తరవాత భార్య దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు. "అయితే నీ తప్పేం లేదన్నమాట దుర్గా."

"మరి సూది ఏమైనట్టండి?"

ఆమె పాకలో మిగిలిన కట్టలు ఒక్కొక్కటే విప్పి, గడ్డిని గుప్పెళ్ళుగా తీసి, వేళ్ళతో తడిమి పక్కన పెడుతోంది. నడుం లాగుతోంది. ఇక ఏ కట్టనీ చూడకుండా వెయ్యదు.

గణేష్‌బాబు తన మిషను తెచ్చాడు. "నేను చూస్తానుండు. గడ్డి పలచగానే ఉందిగా, దీనికి అందుతుంది." పెట్టగానే కుయ్యిమంది. ఇద్దరూ ఆ గుప్పెడూ వెతికారు. ఏమీ లేదు.

"నీ మెట్టెలకి కూస్తోంది. కాస్త కాళ్ళు అవతల పెట్టుకో."

ఆమె తలెత్తకుండానే కాళ్ళు ముడుచుకుంది. చేతులు మాత్రం ఆపలేదు.

"మీరు చూసినవి అటు పడెయ్యండి," అంది, "మళ్ళీ నేనోసారి చూస్తాను."