ఉబ్బిన బ్యాటరీ

పోలీసులు ఫోన్ రిపేరు కొట్ల డ్రాయర్లు లాగి బోర్లించారు. బ్యాటరీలు, తెరలు, స్క్రూలు కలగాపులగంగా నేల మీద పడ్డాయి. టై కట్టుకున్న ఫోన్ల కంపెనీ మనిషి వాటిని బూటుకాలితో గోనెసంచిలోకి నెట్టాడు.

"అయ్యా, తొక్కకండి. చిల్లు పడితే అంటుకుంటాయి," అన్నాడు పెద్దాయన. రేడియోల కాలం నుంచీ ఆ సందులో రిపేర్లు చేస్తున్న మనిషి.

"నువ్వా మాకు చెప్పేది?" కానిస్టేబుల్ చెంప ఛెళ్లుమనిపించాడు. కళ్లజోడు ఎగిరిపడింది.

పదకొండు కొట్లవాళ్లూ చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో సూదక్క ఒకతె. సూదిమొనంత భాగాన్నయినా అతికించగలదని ఆమెకా పేరు. బయటివాళ్లు బ్యాటరీ మారిస్తే ఫోను కుంటుపడేలా కట్టుదిట్టం చేసింది కంపెనీ. పాత బ్యాటరీ తల మీది చిప్పును ఊడదీసి కొత్తదానికి అతికించడం సూదక్క కనిపెట్టింది. సందంతా నేర్చుకుంది. ఆ కడుపుమంటతోనే కంపెనీ ఈ దాడి చేయించింది.

'ఈ కంపెనీ ఫోను ఇక విప్పను' అని పోలీసులు రాసి తెచ్చిన కాగితాల మీద అందరూ సంతకాలు పెట్టారు. సూదక్కా పెట్టింది.

నాలుగో రోజు పార్సెళ్లాయన వచ్చాడు. బండి మీద ఇల్లిల్లూ తిరిగి సరుకులు అందించే మనిషి. బ్యాటరీ ఉబ్బి అతని ఫోను వెనక మూత పైకి లేచిపోయి ఉంది. లోపల స్క్రూ మీది కంపెనీ సీలు మాత్రం చెక్కు చెదరలేదు.

"అక్కా, ఈ మోడల్ బ్యాటరీలు ఆపేశారంట. కొత్త ఫోను కొనుక్కోమన్నారు. నువ్వే దిక్కు."

"తమ్ముడూ, సంతకం పెట్టాను. విప్పితే జైలే. దాన్ని ఆపేసి దూరంగా పెట్టు."

"ఆపేస్తే పనెవరిస్తారు? ఆర్డర్లిచ్చే యాప్‌లో కనబడకపోతే నేను మనిషినే కాదు వాళ్లకి."

సూదక్క ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది. అతను ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, నడిరోడ్డు మీద, అది అతని తొడ దగ్గరే పేలింది. బండి అదుపు తప్పి లారీ కింద పడ్డాడు. సాయంత్రానికల్లా కంపెనీ ప్రకటించింది: 'బయటి కొట్టులో నకిలీ బ్యాటరీ వేయించుకోవడమే కారణం.'

పార్సెళ్లవాళ్లు గోదాం వెనక గదిలో మీటింగు పెట్టారు. సందువాళ్లూ వెళ్లారు.

"మనం ముట్టుకోలేదుగా, మనకెందుకీ గొడవ?" అన్నాడో కొట్టతను.

"ముట్టుకోకపోతేనేగా వాడు పోయింది!" పార్సెళ్లవాళ్లు మీదికి లేచారు.

సూదక్క లేచి నిలబడింది. "నా దగ్గరికే వచ్చాడు. భయపడి పంపేశాను. సీలు నా కళ్లారా చూశాను. దాన్నెవరూ విప్పలేదు."

గోడ పక్కన కూర్చున్న పార్సెళ్లాయన భార్య తలెత్తింది. "ఇక్కడ చెప్తే ఏం లాభం? వాళ్ల గుమ్మం ముందు చెప్పగలవా?"

"చెప్తాను. చెప్పడమే కాదు, అక్కడే విప్పుతాను."

మర్నాడు పొద్దున్నే కంపెనీ సర్వీస్ సెంటర్ ఎదుట బల్లలు పడ్డాయి. మొదటిది సూదక్కది. పదకొండు కొట్లూ వచ్చాయి, ముందురోజు 'మనకెందుకీ గొడవ' అన్నతనితో సహా. పార్సెళ్లవాళ్లు బండ్లు అడ్డం పెట్టి గోడ కట్టారు. ఉబ్బిన ఫోన్లు పట్టుకుని జనం వరస కట్టారు: నర్సులు, కాపలావాళ్లు, కాలేజీ పిల్లలు. సూదక్క ఒక్కొక్క ఫోనూ విప్పి ఉబ్బిన బ్యాటరీ తీస్తూ, తను చూసిన సీలు గురించి అందరికీ వినబడేలా చెబుతూనే ఉంది. అద్దాల వెనక టై మనిషి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

పోలీసు వ్యాను వచ్చింది. "సంతకం పెట్టి మళ్లీ విప్పుతావా?" ఇన్‌స్పెక్టర్ ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"భయపడి పెట్టాను. ఆ భయం ఒక మనిషిని మింగింది. ఇంక చాలు."

ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. బల్ల మీద సగం విప్పిన ఫోను అలాగే ఉంది. వరసలో ఒక్కరూ కదల్లేదు. వీధి మలుపులో ఇంకో రెండు వ్యాన్ల చప్పుడు వినిపించింది.

చనిపోయినతని భార్య ఆ బల్ల ముందు కూర్చుంది. స్క్రూడ్రైవర్ తీసుకుంది. చెంపదెబ్బ తిన్న పెద్దాయనది పక్క బల్ల; అటు తిరిగింది.

"పెద్దాయనా," అంది, "ఇప్పుడు ఏ స్క్రూ తియ్యాలో చెప్పు."