ముఖచిత్రం మీద తలుపు

ఆయన్ని వీధిలో అందరూ భూతద్దం అనేవారు. వాచీలు బాగుచేసేవాడు గనక కంటికి అద్దం తగిలించుకోక తప్పదు, కానీ ఆ పేరు అందుకు రాలేదు. పక్క దుకాణం దర్జీ నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వాడా అని మధ్యాహ్నం దాకా ఆలోచించే రకం ఆయన.

అలాంటి మనిషి భార్య కవిత్వం రాసింది. ఆవిడది స్కూలు లైబ్రరీలో ఉద్యోగం. బీరువాలో చీరల కింద దాచుకున్న కవితలను ఓ చిన్న ప్రెస్సువాళ్ళు పుస్తకంగా వేస్తామన్నారు. భూతద్దం సంతోషించాడు, నిజంగానే. దర్జీకీ, టీకొట్టు ఆయనకీ చెప్పుకున్నాడు కూడా. ఆ సంతోషం అట్ట నమూనా ఇంటికొచ్చేదాకా నిలిచింది.

అట్ట మీద పూలు లేవు, చందమామ లేడు. రంగు వెలిసిన నీలం తలుపు ఒకటి, మూసి ఉంది.

"ఎక్కడిదీ తలుపు?"

"ఫోన్లో నేనే తీశాను. బాగుందా?"

"ఎక్కడిదని అడిగాను."

"తలుపేనండీ. ప్రెస్సులో బొమ్మలమ్మాయి అట్ట మీద పడవ వేస్తానంది. నా కవితల్లో ఒక్క పడవైనా లేదు, లేని పడవ దేనికీ అన్నాను." అనేసి ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జవాబు రాలేదని భూతద్దం గమనించాడు. మర్నాడు ఆ కాగితాన్ని దుకాణానికి పట్టుకెళ్ళి, కంటికి అద్దం బిగించి అంగుళం అంగుళం చూశాడు. కింద ఎడమ మూల, గడప పక్కన, మగవాళ్ళ చెప్పుల జత కనిపించింది. మడమలు అరిగిపోయిన చెప్పులు.

ఇంటికొచ్చి కవితల ప్రతి తీశాడు. ముందుమాటలో ఆవిడ రాసుకుంది: "జరగనిది ఇందులో ఒక్కటీ రాయలేదు." అదేదో మెచ్చుకోవలసిన మాటే. ఆయన మాత్రం గబగబా పేజీలు తిప్పాడు. పన్నెండో పేజీలో ఇలా ఉంది:

గురువారం నాలుగింటికి
మూడుసార్లు తడతాను
లోపల ఒక గొంతు సర్దుకుంటుంది
ఇల్లు చేరాక
నా నోటికి నేనే గడియ పెడతాను

గురువారాలు! లైబ్రరీలో పుస్తకాలు సర్దాలని ఆవిడ ఆలస్యంగా వచ్చేది గురువారాలే. ఎన్నాళ్ళ నుంచి? వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, భయమేసి మానేశాడు.

తిన్నగా ప్రెస్సుకి వెళ్ళాడు. బొమ్మలమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని నీలాన్ని ఇంకాస్త వెలిసినట్టు చేస్తోంది.

"ఈ బొమ్మ మార్చండమ్మా. పడవే వెయ్యండి, చక్కగా ఉంటుంది."

"నేనూ అదే అన్నాను సార్. మేడమ్ ఒప్పుకోలేదు. ఈ తలుపు లేకపోతే అసలు పుస్తకమే వద్దన్నారు."

"అంతమాటందా?"

"అన్నారు సార్. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి."

ఆ నీళ్ళతో ఆయన అనుమానం గట్టిపడిపోయింది. రెండు రోజులు పెళ్ళాం మొహం చూడలేక అన్నంలోకి చూస్తూ తిన్నాడు. "ఒంట్లో బాగాలేదా?" అని ఆవిడ అడిగితే, ఎంత నటిస్తోందో అనుకున్నాడు.

గురువారం దుకాణం మూసి, స్కూలు ఎదుట మందులషాపు నీడలో నిలబడ్డాడు. ఆవిడ బయటికొచ్చి బస్సెక్కింది. ఆయన వెనక తలుపు నుంచి ఎక్కి, ఓ లావుపాటాయన చాటున నక్కాడు. నాలుగో స్టాపులో దిగి, లాండ్రీ వెనక సందులోకి తిరిగిందావిడ. అదే తలుపు. మూడుసార్లు తట్టింది. ఎవరో తీశారు. లోపలికెళ్ళింది.

భూతద్దం వెళ్ళి కిటికీ కింద నిలబడ్డాడు. లోపల భార్య కవిత చదువుతోంది. "నీ చూపు ఆకాశంలో కలిసిపోయింది..."

"అబద్ధం," అందో మగగొంతు. "ఆకాశంలో ఏమీ కలవలేదమ్మా. నా కళ్ళు పోయాయి, అంతే. అలాగే రాయి."

"అలా రాస్తే ఏం బాగుంటుంది బావగారూ?"

"బాగుండకపోతే తీసెయ్. అందం కోసం నన్ను ఆకాశానికి ఎక్కించకు."

భూతద్దం గుర్తుపట్టాడు. ఆ గొంతు సొంత అన్నయ్యది.

తొమ్మిదేళ్ళ క్రితం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేసేవారు. దుకాణానికి ఒకాయన తెచ్చిన బంగారు వాచీ కనిపించకుండా పోయింది. వీధిలోవాళ్ళందరూ వింటుండగా తమ్ముడు అన్నని దొంగ అన్నాడు. అన్నయ్య లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

తలుపు తోసుకుని లోపలికెళ్ళేసరికి భార్య చేతిలో కాగితాలు జారిపోయాయి.

"మీరా!"

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఈయన పేరెత్తితే మీరు కంచం ముందు నుంచి లేచిపోయేవారు కదండీ. ఇంట్లో అబద్ధమాడాను, తప్పే. పుస్తకంలోనూ ఆడితే నేనిక రాయడం దేనికి? అందుకే ఈ తలుపు పెట్టించాను. మీరడిగిన రోజు ధైర్యం చాల్లేదు. ఇంకోసారి అడుగుతారని చూశాను. మీరేమో నా వెంటపడ్డారు."

అన్నయ్య కుర్చీలో కూర్చుని, గొంతు వచ్చిన వైపు కాకుండా కాస్త పక్కకి చూస్తున్నాడు. భూతద్దం ఆ చూపు పడే చోటికి జరిగి నిలబడ్డాడు.

"ఆ వాచీ దొరికింది అన్నయ్యా," అన్నాడు. "నెల తర్వాత వాచీ పోగొట్టుకున్నాయన తన కోటు మడతల్లో దొరికిందని చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, దీనికీ చెప్పలేదు."

భార్య ఆయన్ని ఎన్నడూ చూడనట్టు చూసింది.

అన్నయ్య అడిగాడు. "నెలకే తెలిసిందా?"

"నెలకే."

"నలుగురి ముందు దొంగన్నావు. ఇప్పుడు నాలుగు గోడల మధ్య చెబుతున్నావేంట్రా?" భూతద్దం ఏదో అనబోయాడు. అన్నయ్య చెయ్యెత్తాడు. "చదవమ్మా. ఎక్కడ ఆపావు?"

మర్నాడు పొద్దున్నే టీకొట్టు దగ్గర జనం ఉన్నప్పుడు భూతద్దం లేచి నిలబడ్డాడు. మొత్తం చెప్పాడు. అన్నయ్య దొంగ కాదనీ, తనకి ఎప్పుడో తెలుసనీ, సిగ్గుతో నోరు మూసుకున్నాననీ.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. దర్జీ గ్లాసు కింద పెట్టాడు. "మాకు తెలుసు. వాచీ పోగొట్టుకున్నాయన అప్పుడే ఇక్కడ టీ తాగుతూ చెప్పి వెళ్ళాడు. నువ్వెప్పుడంటావా అని చూస్తున్నాం."

"మరి మా అన్నయ్యకి మీరైనా చెప్పలేదేం?"

"చెప్పాం. నీ నోటి నుంచి వస్తే తప్ప ఆ మాట తనకి లెక్కలేదన్నాడు."

పుస్తకం అదే అట్టతో వచ్చింది. ఆకాశం ఉన్న పంక్తి మాత్రం అందులో లేదు. అన్నయ్య దుకాణానికి తిరిగి రాలేదు, క్షమించానని కూడా అనలేదు. భార్య మూడు వారాలు ముభావంగానే ఉంది. అయినా గురువారం వస్తే భూతద్దం ఆవిడ వెనకే బస్సెక్కి, లోపల ఓ మూల స్టూలు మీద నోరు మెదపకుండా కూర్చునేవాడు. నాలుగో గురువారం కవితలు అయిపోయాక అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆ మూల ఎవరో కూర్చున్నట్టుంది. వాడిక్కూడా టీ పొయ్యమ్మా," అన్నాడు.